కోట్లూ, ఓట్లూ, కొన్ని ప్రశ్నలూ

2024 ఏప్రిల్ ఆఖరు వారం. మిరప ఆఖరు కోత కల్లంలో ఆరబోసి ఉంది. సాయంత్రం కాయకు పట్టాలు కప్పటానికి పోయిన మా నాన్నా, పెదనాన్నా, పక్కచేను కౌలుకి చేసే బాబాయీ పేపరు ముందేసుకుని కూర్చున్నారు. ఆ రోజు పేపర్లో ఒక అంకె ఉంది. 5,705 కోట్లు. గుంటూరు పార్లమెంటు స్థానానికి నామినేషను వేసిన డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ కుటుంబం ఆస్తి అంత అని ఆయనే అఫిడవిట్టులో రాసి ఇచ్చారు.

"ఒరే అబ్బాయ్, నువ్వు లెక్కలు చదివావు గదా, దీంట్లో ఎన్ని సున్నాలుంటాయో చెప్పు" అన్నాడు పెదనాన్న. 5,705 పక్కన ఏడు సున్నాలన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అప్పు కూడా ఉందంట, వెయ్యి కోట్ల పైచిలుకు. మనకి రెండు లక్షల అప్పుంటేనే నిద్ర పట్టదు" అన్నాడు బాబాయి. అందరూ నవ్వారు. నవ్వు ఆగాక పెదనాన్న తీర్పు చెప్పాడు. "అదీ మంచిదేలే. ఉన్నోడు గదా, ఇంక తినాల్సిన పనేముంది?"

మా వూరు గుంటూరు నియోజకవర్గంలో లేదు. నరసరావుపేట కింద ఉంది. ఆయన పోటీకీ మా ఓటుకీ సంబంధం లేదు. అయినా ఆయన్ని గురించే మాట్లాడుకున్నారు. ఎందుకంటే ఆయన మన పేటలో పెరిగిన మనిషి. "మన పేట కుర్రోడు" అనే మాటలో మా వాళ్లకు ఎంత ఇష్టం ఉందో ఆ సాయంత్రం చూశాను. నాకు అదే మొదటి ఓటు. ఆ తీర్పు నాకు ఎక్కడో గుచ్చుకుంది గాని ఎక్కడో అప్పుడు చెప్పలేకపోయాను. రెండేళ్లు ఆలోచించి ఇప్పుడు ఈ సంచికలో రాస్తున్నాను.

ముందు ఆ జీవితం గురించి నాలుగు మాటలు. చంద్రశేఖర్ గారు 1976లో పుట్టారు. స్వగ్రామం తెనాలి దగ్గరి బుర్రిపాలెం. సినీనటుడు కృష్ణ గారి వూరు కూడా అదే. కుటుంబం నరసరావుపేటలో స్థిరపడింది. హైదరాబాదులో ఉస్మానియా మెడికల్ కాలేజీలో యం.బి.బి.యస్. చదివి, పై చదువుకి అమెరికా వెళ్లారు. అక్కడ వైద్యం చెయ్యాలంటే యు.యస్.యం.ఎల్.ఇ. అనే పరీక్షలు గట్టెక్కాలి. అవి ఎంత కఠినమో మన మెడికల్ మిత్రులకు తెలుసు. ఆ పరీక్షలకు తయారయ్యేవాళ్ల కోసం 2003లో ఆయన ఒక ప్రశ్నల నిధిని మొదలుపెట్టారు. ఇవాళ యూవరల్డ్ అనే సంస్థ అదే. టెక్సాస్ రాష్ట్రంలో డల్లాస్ ప్రాంతం దాని కేంద్రం. డాక్టర్లతో మొదలై నర్సులకీ, అకౌంటెంట్లకీ, హైస్కూలు పిల్లలకీ కూడా ప్రశ్నలు తయారుచేసే స్థితికి పెరిగింది.

2014లోనే ఆయన పేరు నరసరావుపేట లోక్‌సభ స్థానానికి వినిపించింది. ఆ టికెట్టు చివరికి రాయపాటి సాంబశివరావు గారికి దక్కింది. ఆయనా పారిశ్రామికవేత్తే. పదేళ్లు ఆగి 2024లో తెలుగుదేశం తరఫున గుంటూరులో నిలబడి 3,44,695 ఓట్ల ఆధిక్యంతో చంద్రశేఖర్ గారు గెలిచారు. జూన్ 9న గ్రామీణాభివృద్ధి, కమ్యూనికేషన్ల శాఖల సహాయమంత్రిగా ప్రమాణస్వీకారం చేశారు. మొదటిసారి గెలిచి, గెలిచిన వారంలోపే కేంద్రమంత్రి! పేటలో ఆ రోజు బాణసంచా కాల్చారంటే కాల్చరా మరి.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ ప్రశ్నల నిధి. దాన్ని వాడిన సీనియర్లను అడిగి తెలుసుకున్నాను. మన బజారు గైడుల్లో ప్రశ్న ఉంటుంది, కింద జవాబు ఉంటుంది, బట్టీ కొట్టటమే. అందులో అట్లా కాదు. ప్రశ్నకు నాలుగో అయిదో జవాబులిస్తారు. మనం ఒకటి ఎంచుకున్నాక, ఒప్పయినది ఎందుకు ఒప్పో చెప్పి ఊరుకోకుండా, తప్పయిన ప్రతి జవాబూ ఎందుకు తప్పో కూడా విడమరిచి చెబుతారు. అసలు చదువు అక్కడే ఉంది. తప్పు జవాబు ఒప్పులాగా కనపడుతుంది కాబట్టే మనం దాన్ని పట్టుకుంటాం. అది ఎందుకు ఒప్పులాగా కనపడిందో తెలిస్తే మళ్లీ పట్టుకోం.

ఆ పద్ధతి కనిపెట్టి కోట్లు గడించిన మనిషి విషయంలో ఆ పద్ధతినే వాడదామని నా ఉద్దేశం. ప్రశ్న ఇది: వ్యాపారంలో గడించిన మనిషి రాజకీయాల్లోకి వస్తే మనం ఎట్లా చూడాలి? మా కల్లంలోనూ, మన హాస్టల్లోనూ, బస్సులోనూ నేను విన్న జవాబులు నాలుగు.

మొదటి జవాబు మా పెదనాన్నది. "ఉన్నోడు తినడు." ఒప్పులాగానే కనపడుతుంది. కడుపు నిండినవాడు పక్కవాడి విస్తట్లో చెయ్యి పెట్టడు గదా అనిపిస్తుంది. కాని లెక్క చూడండి. గెలిచిన లోక్‌సభ సభ్యుల్లో కోటీశ్వరులు 2009లో నూటికి 58 మంది. 2014లో 82. 2019లో 88. 2024లో 543 మందిలో 504 మంది, అంటే నూటికి 93. ఉన్నవాడు తినడన్న సూత్రమే నిజమయితే ఈ పదిహేనేళ్లలో దేశంలో లంచం అదే వేగంతో తగ్గిపోయి ఉండాలి. తగ్గిందో లేదో పట్టాదారు పుస్తకం కోసం తిరిగిన ఏ రైతునయినా అడగండి. సైన్సు చదివేవాళ్లం మనం. సూత్రం చెప్పిన ఫలితం ప్రయోగంలో రాకపోతే తప్పు ప్రయోగానిది కాదు, సూత్రానిది.

ఇంకో మాట. "ఉన్నోడు తినడు" అంటే "లేనోడు తింటాడు" అనేగా అర్థం? ఆ లేనివాడు ఎవరు? మా నాన్న. మా బాబాయి. ఆ మాట అన్న మా పెదనాన్న. మన నోటితో మనల్నే దొంగల్ని చేసుకుంటున్నాం. ఆ సాయంత్రం నాకు గుచ్చుకున్నది ఇదేనని తరవాత తెలిసింది.

రెండో జవాబు మన మిత్రుల్లో ఎక్కువమందిది. "కంపెనీని నడిపినవాడు దేశాన్నీ నడుపుతాడు." ఇందులో కొంత నిజం ఉంది. లెక్క రాయటం, గడువు పెట్టుకోవటం, పని చెయ్యనిదాన్ని దిద్దటం వ్యాపారస్తుడికి అలవాటు. ఈ అలవాట్లు మన ఆఫీసుల్లోకి వస్తే అంతకంటే ఏం కావాలి? కాని కంపెనీకీ ప్రభుత్వానికీ ఒక తేడా ఉంది. డబ్బు కట్టలేనివాడు కంపెనీకి గిరాకీ కాడు. నష్టం వచ్చే బ్రాంచీని కంపెనీ మూసెయ్యొచ్చు. ప్రభుత్వం వెల్దుర్తినీ బొల్లాపల్లినీ మూసెయ్యగలదా?

వరికపూడిశెల సంగతే చూడండి. మాచర్లకు కూతవేటు దూరంలో నాగార్జునసాగర్ ఉంది. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేస్తే, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. కుడికాలువ మన నేలమీదుగానే పోతుంది. దాని కింది మాగాణి పచ్చగా ఉంటుంది. దానికి ఎత్తున ఉన్న మెట్ట వూళ్లు మాత్రం ఆనకట్టను చూస్తూ మబ్బుకేసి చూస్తుంటాయి. ఆ వూళ్లకు కృష్ణ నీరు ఎత్తిపోసే పథకం కోసం తాతల నాటినుంచి అడుగుతుంటే, 2023 నవంబరులో మాచర్లలో శంకుస్థాపన జరిగింది. ఒక లాభనష్టాల పట్టీలో వేస్తే ఆ పథకం ఏనాటికీ గిట్టదు. నీటిని ఎత్తటానికి కరెంటు ఖర్చు, అడవికి బదులు భూమి, పైపులు. కాని గిట్టదని తెలిసినా చెయ్యాల్సిన పనుల కోసమే ప్రభుత్వం అనేది ఉంది. ఈ తేడా తెలిసిన వ్యాపారస్తుడు మంచి మంత్రి అవుతాడు. తెలియనివాడు దేశాన్ని ఎంత చక్కగా నడిపినా కొన్ని వూళ్లను వదిలేసి నడుపుతాడు.

మూడో జవాబు. "డాలర్లు వదులుకుని వచ్చాడు, అంతకంటే త్యాగం ఏముంది?" వెళ్లినవాళ్లలో తిరిగొచ్చేవాళ్లు తక్కువ. వచ్చి ఎండలో ఊరూరా తిరగటం తేలిక పని కాదు. పోటీ చెయ్యకముందే పెమ్మసాని ఫౌండేషను పేరిట వైద్యశిబిరాలూ, మంచినీటి సౌకర్యాలూ ఏర్పాటు చేశారు. ఫ్లోరైడు నీళ్లు తాగే మన ప్రాంతంలో మంచినీళ్ల విలువ నేను చెప్పనక్కర్లేదు. వీటికి దణ్ణం పెడతాను. కాని దణ్ణం వేరు, ఓటు వేరు. దాత దగ్గర మనం పుచ్చుకునేవాళ్లం. ప్రతినిధి దగ్గర లెక్క అడిగేవాళ్లం. దాతను "ఇంకా ఎందుకివ్వలేదు" అని అడిగితే మర్యాద కాదు. ప్రతినిధిని అడక్కపోతే మన తప్పు. ఒకే మనిషి దాతగానూ ప్రతినిధిగానూ ఎదురుగా నిలబడితే, దాతను చూసి మొహమాటపడి ప్రతినిధిని అడగాల్సింది దిగమింగుతాం. త్యాగం అన్న మాటతో వచ్చే చిక్కు ఇది.

ఈ సందర్భంలో అదే గుంటూరు స్థానంలో అంతకుముందు రెండుసార్లు, 2014లోనూ 2019లోనూ గెలిచిన గల్లా జయదేవ్ గారిని తలచుకోవాలి. అమరరాజా బ్యాటరీల సంస్థ ఆయనది. 2024 జనవరిలో ఆయన రాజకీయాలకు విరామం ప్రకటించారు. వ్యాపారమూ రాజకీయమూ రెంటినీ పూర్తికాలం చెయ్యలేనన్నది ఆయన చెప్పిన కారణం. రెండూ రెండు చేతులతో చేసే పనులేనని, ఒక్కొక్క చేత్తో చేస్తే రెండూ చెడతాయని అనుభవించి చెప్పిన మనిషి మాట అది. త్యాగాల పొగడ్తల కంటే అది నాకు విలువయినదిగా తోచింది.

నాలుగో జవాబు మన హాస్టల్లో వేడిగా మాట్లాడే మిత్రులది. "డబ్బున్నవాళ్లంతా దొంగలే." ఇదీ తప్పే. విద్యార్థులు తమకు పనికొస్తుందని డబ్బు కట్టి కొనుక్కున్న సరుకు మీద ఎదిగిన సంస్థ యూవరల్డ్. ఆ ఎదుగుదలలో తెలివీ చెమటా ఉన్నాయి. కృష్ణకు అవతలి ఒడ్డున ముక్త్యాల రాజా జమీందారే గదా. నాగార్జునసాగర్ కట్టాలని తన సొమ్మూ పలుకుబడీ ధారపోసినవాడు ఆయనే. ఇవాళ కుడికాలువ నీళ్లు తాగే మన పైరులో ఆయన పాలు లేదనగలమా? మనిషి సొత్తును చూసి మెచ్చుకోవటం ఎంత సోమరితనమో, సొత్తును చూసి తిట్టటం కూడా అంతే సోమరితనం. రెంటిలోనూ ఆలోచించే పని తప్పుతుంది.

నాలుగు జవాబులూ తప్పయితే ఒప్పేది? ప్రశ్నే సరిగా వెయ్యలేదేమోనని నా అనుమానం. ఆ అనుమానం తీర్చుకోటానికి మనకు చాలా దూరంలో ఉన్న ఒక మనిషి కథ చదివాను.

స్విట్జర్లాండులో క్రిస్టఫ్ బ్లోహర్ అని ఒకాయన. 1940లో పుట్టాడు. పదకొండుమంది పిల్లలున్న ఒక చర్చి పాస్టరు ఇంట్లో ఏడోవాడు. మొదట వ్యవసాయం నేర్చుకున్నాడు. కాని చెయ్యటానికి సొంత భూమి లేదు. తరవాత న్యాయశాస్త్రం చదివి, ఎమ్స్ అనే రసాయనాల కంపెనీలో చేరి, 1983లో ఆ కంపెనీనే చేజిక్కించుకుని మహా ధనవంతుడయ్యాడు. 1979లోనే పార్లమెంటు సభ్యుడు. అక్కడి పార్లమెంటు సభ్యులు తమ వృత్తులు మానుకోనక్కర్లేదు. డాక్టరు డాక్టరుగానే, రైతు రైతుగానే ఉంటూ సభకు వచ్చిపోతారు. కాని ఏడుగురుండే మంత్రిమండలిలోకి వస్తే మాత్రం వేరే పని ఏదీ ఉండకూడదు. 2003 డిసెంబరులో బ్లోహర్ మంత్రి అయినప్పుడు కంపెనీని పిల్లలకు వదిలి రావలసి వచ్చింది. నాలుగేళ్లు తిరగ్గానే, 2007 డిసెంబరులో, పార్లమెంటు ఆయన్ని మళ్లీ ఎన్నుకోలేదు. డబ్బుకు కొదవ లేదు, పార్టీకి కొదవ లేదు, అయినా దిగిపోవలసి వచ్చింది.

ఆయన రాజకీయం నాకు నచ్చదు. బయటి దేశాలవాళ్లు తమ దేశానికి రావటాన్ని కట్టడి చెయ్యాలన్నదే ఆయన పార్టీ జీవనాడి. మన పేట నుంచి వెళ్లిన డాక్టరు గారు మరి బయటివాడుగా ఒక దేశానికి వెళ్లి, ఆ దేశం తలుపు తీసి ఉంచబట్టే ఇంతవాడయ్యారు. ఇద్దరూ వ్యాపారం నుంచి రాజకీయంలోకి వచ్చినవాళ్లే, ఇద్దరి బాటలూ ఎదురెదురు! దీన్నిబట్టి నాకు తెలిసిందేమంటే, "వ్యాపారస్తుడు" అన్న మాట ఒక మనిషి రాజకీయం గురించి మనకు ఏమీ చెప్పదు. ఆయన ఏం నమ్ముతాడు, ఏం చేశాడు, ఎవరికి జవాబు చెబుతాడు అన్నవే చెబుతాయి. అక్కడి జనానికి ఇంకో సౌకర్యం కూడా ఉంది. యూరప్ ఆర్థిక మండలిలో చేరాలా వద్దా అని 1992లో దేశమంతటా ఓటింగు పెట్టారు. బ్లోహర్ వద్దని ఊరూరా తిరిగాడు. నూటికి 50.3 మంది వద్దన్నారు. అంటే కోటీశ్వరుడు కూడా తన మాట నెగ్గించుకోటానికి ఒక్కొక్క ఓటరు ముందూ నిలబడి వాదించవలసి వచ్చింది. ఆ వాదన ఒప్పా తప్పా అన్నది వేరే సంగతి.

మన దగ్గర కూడా మంత్రులకు ప్రవర్తనా నియమావళి ఉంది. వ్యాపార నిర్వహణతో సంబంధాలు తెంచుకోవాలని అది చెబుతుంది. అది మనలో ఎంతమందికి తెలుసు? తెలియకపోతే ఏం అడుగుతాం?

ఇప్పుడు అసలు ప్రశ్న దగ్గరకు వస్తాను. "ఆయన దగ్గర ఎంత ఉంది?" అన్నది కాదు ప్రశ్న. "ఏమీ లేనివాడు నిలబడగలడా?" అన్నది.

మన సత్తెనపల్లి నుంచి వావిలాల గోపాలకృష్ణయ్య గారు 1952, 1955, 1962, 1967 ఎన్నికల్లో నాలుగుసార్లు శాసనసభకు వెళ్లారు. ఖద్దరు బట్టలు, భుజాన ఒక సంచి. నాగార్జునసాగర్ కోసం గొంతెత్తిన వాళ్లలో ముందువరసలో మనిషి. 1992లో పద్మభూషణ్ వచ్చింది. 2003లో కన్నుమూశారు. ఆయన పోయిన ఏడాదే అమెరికాలో యూవరల్డ్ పుట్టటం కాకతాళీయమే. అయినా ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, ఒక కాలం పోయి ఇంకో కాలం వచ్చినట్టు నాకు అనిపిస్తుంది. సంచి భుజాన వేసుకుని వచ్చిన మనిషికి ఇవాళ ఏ పార్టీ అయినా టికెట్టు ఇస్తుందా? గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పండి.

లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్టు 1996 వరకూ 500 రూపాయలు. ఆ తరవాత 10,000 అయి, ఆపైన 25,000 అయింది. మన రాష్ట్రంలో ఒక లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పెట్టుకోటానికి 2022లో పెట్టిన హద్దు 95 లక్షలు. అది అభ్యర్థికి. పార్టీ పెట్టే ఖర్చుకు హద్దే లేదు. విద్యార్థి సంఘాల ఎన్నికలకు లింగ్డో కమిటీ 2006లో అభ్యర్థికి 5,000 రూపాయలు చాలన్నది. విద్యార్థికి అయిదు వేలు చాలన్నవాళ్లం, పార్లమెంటు దగ్గరకు వచ్చేసరికి 95 లక్షలూ చాలవన్నట్టు చూస్తూ ఊరుకుంటున్నాం.

దీనివల్ల పోయేది ఏమిటి? ఒక ఉదాహరణ చెబుతాను. మా నాన్న కొంత సొంతానా, కొంత కౌలుకీ చేస్తాడు. 2019లో వచ్చిన సాగుదారు హక్కుల చట్టంలో, భూయజమాని ఒప్పందం మీద సంతకం పెడితేనే కౌలుదారుకు కార్డు వస్తుందన్నారు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. గట్టిగా అడిగితే వచ్చే ఏడు కౌలు పోతుందేమోనని కౌలుదారు భయం. ఈ రెండో భయం ఎట్లా ఉంటుందో పుస్తకాల్లో చదివినవాడికి తెలియదు. ఆ సంతకం కోసం ఒకరి అరుగు మీద చేతులు కట్టుకుని నిలబడినవాడికి తెలుస్తుంది. శాసనసభలోగాని, పార్లమెంటులోగాని అట్లా నిలబడ్డవాళ్లు పదిమంది ఉంటే, ఆ వాక్యం రాసేటప్పుడు ఒకడయినా లేచి "అయ్యా, ఇది జరగదు" అని ఉండేవాడు. ధనవంతులు చెడ్డవాళ్లని కాదు నా వాదన. ధనవంతులే ఉన్న సభకు కొన్ని నొప్పులు వినపడవు అన్నది నా వాదన.

మాచర్ల గడ్డ మీద బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించాడని మనం గర్వంగా చెప్పుకుంటాం. కులం చూడకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించాడని. ప్రజాస్వామ్యం చాపకూడు లాంటిదే. ఆ చాప మీద కోటీశ్వరుడు కూర్చోవచ్చు, ఎవరూ కాదనరు. కాని కూర్చునే చోటుకి వెల కడితే మటుకు అది చాపకూడు కాదు, హోటలు.

మిత్రులారా, ఇందులో మనకు సంబంధించిన ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. మన క్లాసులో చక్కగా మాట్లాడగల, నలుగురి కష్టం పట్టించుకునే స్నేహితుడు ఒకడున్నాడు. రాజకీయాల్లోకి వస్తావా అని అడిగితే ఏమన్నాడో తెలుసా? "ముందు అమెరికా పోయి సంపాదిస్తా. నలభై అయిదేళ్లకు వచ్చి సేవ చేస్తా." చంద్రశేఖర్ గారు యం.పి. అయినప్పుడు ఆయనకు 48 ఏళ్లు. ఆయన జీవితం మావాడికి దారి చూపించింది, మంచిదే. కాని ఆ దారిలో నూరుమంది వెళితే ఒకడు కోటీశ్వరుడవుతాడేమో. మిగిలిన తొంభైతొమ్మిది మంది సేవ ఏమయినట్టు? సంపాదన అయ్యాకే సేవ అని మనకు మనమే నియమం పెట్టుకుంటే, పంచాయతీలో వార్డు మెంబరుగా నిలబడే వయసులో మనం వీసా క్యూలో నిలబడతాం. మన వూళ్లను మాత్రం వేరే ఎవరో ఏలుతుంటారు.

మరి ఏం చెయ్యాలి? మనవల్ల అయ్యేదే చెబుతాను. 1999లో అహ్మదాబాదు ఐ.ఐ.యం. ప్రొఫెసర్లు కొందరు కోర్టుకు వెళ్లి ఒక చిన్న ప్రశ్న అడిగారు. మేం ఓటు వేసే మనిషికి ఎంత ఆస్తి ఉందో, ఏ కేసులున్నాయో మాకు తెలియొద్దా? సుప్రీంకోర్టు 2002లో తెలియాలన్నది. ప్రభుత్వం అడ్డం తిరిగితే 2003లో మళ్లీ తెలియాలన్నది. మా కల్లంలోకి 5,705 కోట్ల అంకె పేపరు మీద ఎక్కి వచ్చిందంటే ఆ పాఠాలు చెప్పుకునే మాస్టర్లు అడిగిన ప్రశ్న వల్లనే. అడగటానికి కోట్లు అక్కర్లేదనటానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

అఫిడవిట్లు ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఎవరయినా చూడొచ్చు. మన యం.పి.లకు ఏటా 5 కోట్ల స్థానికాభివృద్ధి నిధి ఉంటుంది. అది ఏ వూళ్లో దేనికి ఖర్చయిందో అడగొచ్చు. సమాచార హక్కు చట్టం 2005 నుంచీ ఉంది, దరఖాస్తు ఫీజు పది రూపాయలు. 2025 ఫిబ్రవరిలో మిరప ధర పడిపోయినప్పుడు కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించింది. ప్రకటించిన ధర వేరు, రైతు చేతికొచ్చిన పైకం వేరు. ఆ రెంటికీ మధ్య ఎంత దూరం ఉందో మండలం వారీగా లెక్క చెప్పమని అడగొచ్చు. గ్రామీణాభివృద్ధి శాఖ అంటే పల్లె రోడ్లు, పేదల ఇళ్లు, కూలీలకు పని. మన పేటలో పెరిగిన మనిషి ఆ శాఖలో మంత్రిగా కూర్చున్నప్పుడు మన పల్నాటి పల్లెలకు ఏమొచ్చిందో మనం అడక్కపోతే ఇంకెవరు అడుగుతారు? కోపంతో అడగమనటం లేదు. ప్రయోగశాలలో రీడింగు తీసుకున్నట్టు, నెమ్మదిగా, తేదీ వేసి, అంకె రాసుకుని అడుగుదాం. ప్రశ్నల విలువ తెలిసిన మనిషి ఆయన. మన ప్రశ్న సరిగా ఉంటే తప్పక గుర్తుపడతారని నా నమ్మకం.

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు ఇదంతా పెదనాన్నకు చెప్పాను. అంతా విన్నాడు. "అయితే ఉన్నోడు తింటాడంటావా?" అన్నాడు. "తింటాడనీ అనను, తినడనీ అనను పెదనాన్నా. లెక్క చూపించమంటాను" అన్నాను. ఆయన తలగుడ్డ విదిలించి మళ్లీ చుట్టుకుని, "ఎట్లా అడగాలో ఆ దరఖాస్తేదో రాసి పెట్టు, వేలిముద్ర కాదు, సంతకమే పెడతాను" అన్నాడు.

రాసి ఇచ్చి వచ్చాను.

(బి.యస్సీ. ఆఖరి సంవత్సరం)